ఆరు ఉప్పురాళ్ళు

లాగోవా సేకా,
కిషడా దగ్గర.
అక్టోబరు 2, 1957.

తమ్ముడు బెలార్మినోకి, అక్క జెనోవెవా దీవిస్తూ రాసేది.

నువ్వు బతికే ఉన్నావని నీ ఉత్తరం చూశాక నమ్మాల్సొచ్చింది. రెండేళ్ళలో మూడంటే మూడు ఉత్తరాలు! నువ్వు వలసపోయిన ఆ పెద్ద నదిలో మొసళ్ళకి చదువు చెప్తే అవే నీకంటే నయంగా రాస్తాయి. సరే, నిన్ను తిట్టడం మొదలుపెడితే కాగితం చాలదు.

మా చిన్నది జీతాకి ఆగస్టులో జ్ఞానస్నానం చేయించాం. జ్ఞానతండ్రివి నువ్వే. నువ్వు లేవు గనక నీ బదులు పక్కింటి ఫిలోమెనా పెద్దమ్మ మొగుడు కొవ్వొత్తి పట్టుకున్నాడు, పట్టుకునే కునుకు తీశాడు. పిల్ల మాత్రం, ఫాదర్ తన నెత్తిన నీళ్ళు పోస్తే ఏడవలేదు. బుగ్గ మీదికి జారినవి నాలుక చాచి నాక్కుంది. అందరూ నవ్వారు. నేను మాత్రం కొంగుతో దాని బుగ్గ తుడిచాను. ఈ ఏడు చెరువు సెప్టెంబరుకే బురద తేలింది.

ఇక అసలు సంగతి. మీ బావ అన్సెల్మో చెవిలో జోరీగలా ఒకటే పాట. "జెనోవెవా, వెళ్ళిపోదాం. మేకల ఒంటి మీద కండ ఉన్నప్పుడే అమ్మేద్దాం. ఆవునీ అమ్మేద్దాం. పిల్లలిద్దర్నీ తీసుకుని మీ తమ్ముడి దగ్గరికి పోదాం" అని. వరసగా రెండేళ్ళు పంట సరిగ్గా రాలేదు, నిజమే. కానీ ఇది అమ్మ చేతుల్తో రాళ్ళేరిన నేల. ఒక్క మంచి వానాకాలం వస్తే చాలు, అన్నీ నిలబడతాయి. ఈ మాట ఆ మనిషి తలకెక్కదు.

అందుకని ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. వానలొస్తాయో లేదో ఉప్పు పెట్టి చూద్దామన్నాను. నిరుడు నువ్వు లేవని నేనే పెట్టాను గదా. తెల్లారి చూస్తే ఉప్పూ లేదు, అది పెట్టిన చెక్క పలకా లేదు. మేకలు నాకేసి పలకని కూడా ఈడ్చుకుపోయాయి. మీ బావ కనబడ్డవాడికల్లా చెప్పుకుని నవ్వాడు. అమ్మ ఎప్పుడూ అనేది, ఉప్పు కడగొట్టువాడి చేత్తోనే పెట్టాలని. నువ్వు పెట్టినన్నాళ్ళూ ఒక్క ఏడాది తప్పలేదు. ఈసారి నువ్వే అక్కడ పెట్టు. ఎక్కడైతే ఏం? సాంతా లుజియా తల్లి అందరికీ ఒకతే. దేశమూ ఒకటే, పైనున్న ఆకాశమూ ఒకటే.

నీకు చెప్పక్కర్లేదు గానీ చెప్తున్నా. డిసెంబరులో తల్లి పండగ ముందు రోజు, పొద్దు వాలాక, చూరు కింద కాకుండా ఆరుబయట పెట్టు. ఆరు రాళ్ళు వరసగా, జనవరి నుంచి జూన్ దాకా నెలకొక రాయి. తెల్లారకముందే చూడు. ఏది కరిగితే ఆ నెల వాన, ఏది గట్టిగా ఉంటే ఆ నెల ఎండ. నీ ఉప్పు కరిగితే మేం ఉంటాం. కరక్కపోతే, ఒట్టు, నేనే మేకల్ని సంతకి తోలి బండెక్కుతాను. ఏ సంగతీ వెంటనే రాయి. మా నలుగురి బతుకూ నీ పలక మీద పెడుతున్నాను, జాగ్రత్త.

నీ పెళ్ళాం ఇరాసీని అడిగానని చెప్పు. మా పెద్దాడు తోమె ఇప్పుడు నా భుజం దాకా వచ్చాడు.

నీ అక్క,
జెనోవెవా


ఒబిదుస్ ఎదురు లంక,
డిసెంబరు 13, 1957.

అక్కా, దీవించు.

కరిగాయి! ఆరుకి ఆరూ కరిగాయి!

పొద్దున్నే ఆత్రంగా రాస్తున్నా, అక్షరాలు బాగోలేవని తిట్టకు. నిన్న పొద్దు వాలాక మన ఇంటి ముందు రేవులో పలక పెట్టాను. కోళ్ళు రాకుండా చుట్టూ వల కట్టాను. ప్రార్థన అమ్మ చెప్పినట్టే చెప్పాను, మధ్యలో ఒక మాట మర్చిపోయి మళ్ళీ మొదట్నుంచీ చెప్పాను. ఒక్క చినుకు కూడా పడలేదు, ఆకాశం నిండా చుక్కలే. అయినా తెల్లారకముందు దీపం పట్టుకెళ్ళి చూస్తే పలక మీద రాళ్ళున్నచోట నీళ్ళు! మార్చి రాయీ ఏప్రిల్ రాయీ కలిసిపోయి కిందికి కారుతున్నాయి. అమ్మ ఉన్నప్పుడు కూడా ఆరూ కరగడం నేనెప్పుడూ చూడలేదు. అక్కడే మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చాను.

ఇరాసీ పక్కన నిలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. "మీ దేశంలో ఉప్పుని చూసి సేద్యం చేస్తారా?" అంది. "మీ దేశం, మా దేశం ఏంటే? ఒకటే దేశం" అన్నాను. "అయితే మాత్రం? ఉప్పు కరిగితే అదొక వింతా?" అని మళ్ళీ నవ్వింది. దాన్ని పట్టించుకోకు. మనసు మంచిదే గానీ మన సంగతులు దానికేం తెలుసు? పుట్టి బుద్ధెరిగాక కుండలో నీళ్ళు అయిపోవడం చూసి ఉండదు. ఇక్కడ నీళ్ళు అడక్కుండానే ఇంట్లోకి వస్తాయి. ఇప్పుడిప్పుడే నది మళ్ళీ పైకి లేస్తోంది. మేం జనుము వేశాం. నీళ్ళు చేనులోకి వచ్చాక ఛాతీ లోతులో నిలబడి కోయాలి. అదేం సేద్యమని నువ్వు నవ్వుతావు.

ఒబిదుస్‌లో నీళ్ళ మీద దిగే విమానం రేపు వస్తుందట. పడవ టపా అయితే నీకెప్పుడు చేరుతుందో! అందుకని ఈ ఉత్తరం విమానానికి ఇస్తున్నా. బావతో చెప్పు, మేకల్ని అమ్మొద్దని. గింజలన్నీ వేసెయ్యమని.

నా జ్ఞానపుత్రికని నా తరఫున ముద్దు పెట్టుకో. దాని మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంటే ప్రతిసారీ అమ్మ మొహమే వస్తోంది.

నీ తమ్ముడు,
బెలార్మినో


లాగోవా సేకా,
జనవరి 9, 1958.

నా బంగారు తమ్ముడూ,

నీ నోట్లో బెల్లం ముక్క పెట్టాలి. ఉత్తరం వచ్చిన రోజు గుమ్మంలో నిలబడి బిగ్గరగా చదివాను, ఫిలోమెనా పెద్దమ్మకి కూడా వినబడేలా. మీ బావ టోపీ తీసి చేత్తో తిప్పుతూ నేల చూపులు చూశాడు. "ఆరూనా?" అన్నాడు. "ఆరూ" అన్నాను. "సరే అయితే" అన్నాడు. అంతే. ఆ మనిషి అంత తేలిగ్గా ఓడిపోవడం నా పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి.

మర్నాడే పశువుల బేరగాడు వచ్చాడు. మేకలకి మంచి ధరే చెప్పాడు, ఆవుకీ చెప్పాడు. మీ బావ నా వంక చూశాడు. నేను పో పొమ్మన్నాను. చుట్టుపక్కల చాలామంది అమ్మేశారు. అన్సెల్మో వాళ్ళన్న కూడా ఉన్నదంతా అమ్ముకుని పెళ్ళాం పిల్లల్తో దక్షిణాదికి లారీ ఎక్కాడు. ఎక్కేముందు మా ఇంటికొచ్చి "మీరూ రండి, చోటుంది" అన్నాడు. "మా తమ్ముడి ఉప్పు కరిగింది" అని నేను మెడ ఎత్తి చెప్పాను. పాపం, వానలు పడ్డాక వాళ్ళెంత ఏడుస్తారో.

మొక్కజొన్న, చిక్కుడు, ఉన్న గింజలన్నీ దుమ్ములోనే వేసేశాం, వాన వచ్చేటప్పటికి సిద్ధంగా ఉండాలని. తినడానికి దాచినవి కూడా సగం వేయించాను. కొండకి అవతల రెండు చినుకులు పడ్డాయట. మా వైపు ఇంకా లేదు. వస్తుంది. జనవరి రాయి కరిగింది గదా, నెల అయిపోలేదు.

జీతా కూర్చుంటోంది. ఎవరు నీళ్ళ ముంత ఎత్తినా రెండు చేతులూ చాపి అరుస్తుంది, తన జ్ఞానతండ్రి నదిలో ఉంటాడని తెలిసినట్టు. నవ్వే మరదలికి చెప్పు, ఈసారి పంట రాగానే ఒక బుట్టెడు చిక్కుళ్ళు పంపుతాను, తింటూ నవ్వమని.

అక్క


ఒబిదుస్ ఎదురు లంక,
ఫిబ్రవరి 2, 1958.

అక్కా,

ఇది చదవగానే బావకి చూపించు. దీవెనలు తర్వాత అడుగుతాను.

నా ఉప్పుని నమ్మొద్దు. నేను అబద్ధం రాయలేదు, ఆరూ కరిగాయి, కళ్ళారా చూశాను. కానీ ఇక్కడ ఉప్పు ఎప్పుడూ కరుగుతుంది అక్కా.

ఈమధ్య ఇరాసీకి నా మీద జాలేసినట్టుంది. మీ పంట గురించి రోజూ మాట్లాడుతున్నానని. నిన్న పొద్దున చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళింది. అటక మీద పలక, పలక మీద ఆరు మడుగులు. ముందు రోజు సాయంత్రం పెట్టిందట. ఏ పండగా లేదు, ప్రార్థనా లేదు, చూరు కిందే. "చూశావా? ఇక్కడ గాలే తడి. నువ్వు ఏడుస్తుంటే ఆ రోజు గట్టిగా చెప్పలేకపోయాను" అంది. ఇక్కడ అందరిళ్ళలోనూ ఉప్పు డబ్బా పొయ్యి మీద వేలాడుతుంది. రెండేళ్ళుగా అది నా నెత్తికి కొట్టుకుంటూనే ఉంది. ఎందుకు వేలాడదీశారని ఒక్కసారి అడిగి ఉంటే! మన ఊళ్ళో ఉప్పు తడిస్తే అది దేవుడి మాట. ఇక్కడ తడిస్తే అది ఉప్పు, అంతే.

బావ చెప్పిందే వినండి. మేకల్ని అమ్మేయండి, ఆవుని అమ్మేయండి, రండి. ఇల్లు చిన్నదే గానీ ఇరాసీ అప్పుడే ఉయ్యాల మంచాలు ఎక్కడ కట్టాలో కొలుస్తోంది. ఇప్పటికే వాన పడి ఉంటే నన్ను ఎంత తిట్టినా సంతోషమే. పడకపోతే మాత్రం ఆగొద్దు.

విమానం ఈ నెల రాదంటున్నారు, పడవకే ఇస్తున్నా. దేవుడా, త్వరగా చేరనీ.

బెలార్మినో


లాగోవా సేకా,
మార్చి 22, 1958.

బెలార్మినోకి,

నీ ఉత్తరం సావ్ జొజే పండగ నాడే అందింది. పండగ నాటికి వాన రాకపోతే ఇక ఆ ఏడు రాదని నీకూ తెలుసు. రాలేదు. మా నేల మీద ఒక్క చినుకు పడలేదు. ఊరేగింపులో విగ్రహాన్ని మోసుకెళ్తుంటే దుమ్ముకి ముందున్నవాళ్ళు కనబడలేదు. తిరిగొచ్చేసరికి తలగడ మీద నీ ఉత్తరం.

నిన్ను ఒక్కటే అడుగుతాను, నిజం చెప్పు. మీ బావ నీకు చాటుగా రాశాడా? ముందు ఆరూ కరిగాయంటావు. మోకాళ్ళ మీద పడి ఏడ్చానంటావు. తర్వాత గాలి తడి అంటావు, అమ్ముకుని రమ్మంటావు. అచ్చం ఆయన మాటలే. ఆయన్ని అడిగితే "నేనెందుకు రాస్తాను, నాకు రాయడం వస్తేగా" అన్నాడు. నిజమే, ఆయనకి రాయడం రాదు. కానీ తోమెకి వచ్చు గదా. లేకపోతే నీ పెళ్ళాం నీ బుర్ర తిప్పిందా? పెద్ద తెలివైనది, తెలిసినప్పుడు నవ్వుతూ నిలబడిందేం? నవ్వే బదులు ఒక్క మాట గట్టిగా చెప్పి ఉంటే దాని సొమ్మేం పోయేది?

ఇప్పుడు అమ్మమంటున్నావు. ఎవరికి అమ్మను? బేరగాడు ఈ దారినే రావడం లేదు. మేకలు తోలు, ఎముక మిగిలాయి. దుమ్ములో వేసిన గింజల్ని చీమలు మోసుకుపోయాయి. ఉన్న జెముడుకి ముళ్ళు కాల్చేసి ఆవుకి పెడుతున్నాం.

మీ బావ, తోమె సోమవారం కరువు పనులకి వెళ్తున్నారు, రోడ్డుకి రాళ్ళు కొట్టడానికి. తోమెకి పన్నెండేళ్ళే. నేనూ జీతా ఇక్కడే. నీళ్ళు గుంటలోంచి తెచ్చి రెండు మడతల బట్టలో వడకడుతున్నాను, అయినా ఎర్రగానే ఉంటున్నాయి.

కోపంగా రాస్తున్నానని అనుకుంటున్నావా? అవును, కోపంగానే రాస్తున్నాను.

జెనోవెవా


ఒబిదుస్ ఎదురు లంక,
మే 10, 1958.

అక్కా, దీవించు. తిట్టి అయినా దీవించు.

అమ్మ సాక్షిగా బావ నాకేమీ రాయలేదు. తోమె రాయలేదు. నువ్వన్న మాట ఇరాసీకి చదివి వినిపించాను, వినిపించకుండా ఉండాల్సింది. పొయ్యి మీద కుండ దించేసి వచ్చి కూర్చుంది. తర్వాత "మీ అక్కయ్య అన్నది నిజమే. నవ్వకుండా చెప్పాల్సింది" అంది. ఇప్పటికీ మధ్యలో గుర్తొచ్చి ఆ మాటే అంటుంది. దానిమీద కోపం పెట్టుకోకు. నా మీద ఎంతైనా పెట్టుకో.

ఇక్కడ సంగతి రాయడానికే సిగ్గుగా ఉంది. ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. రెండోసారి నేల పైకి లేపి చెక్కలు పరిచాం. కోళ్ళు తెప్ప మీద. నేను పొద్దున్నించీ ఛాతీ లోతు నీళ్ళల్లో నిలబడి జనుము కోస్తున్నాను. వేళ్ళు నాని తెల్లగా ముడతలు పడ్డాయి. అక్కడ మన మేకలు నీళ్ళు లేక చస్తుంటే నేను ఇన్ని నీళ్ళల్లో నిలబడి ఉన్నానే అని తలుచుకుంటే ముద్ద దిగడం లేదు. మొన్న కొడవలి పెట్టి నదిని కొట్టాను, పిచ్చివాడిలా. పక్క చేనువాళ్ళు పాము వచ్చిందనుకుని పరిగెత్తుకొచ్చారు. ఒకటే దేశమని అంటాం గానీ, ఈ దేశాన్ని చేసినవాడు నీళ్ళన్నీ ఒక్కచోటే ఒంపేశాడక్కా.

మొదటి నార అమ్మాను. నలుగురికీ లారీకి, ఓడకి సరిపోయేంత డబ్బు పంపుతున్నాను. కిషడా ఫాదర్ పేరు మీద పంపాను, ఆయన్ని అడుగు. దీన్ని గింజలకి ఖర్చు పెట్టావంటే నీతో మాట్లాడను. బావనీ తోమెనీ వెనక్కి పిలిపించి బయల్దేరండి.

జీతా నడుస్తోందా? పళ్ళు వచ్చాయా? పోయిన ఉత్తరంలో దాని సంగతి ఒక్క ముక్కే రాశావు.

బెలార్మినో


లాగోవా సేకా,
జులై 30, 1958.

తమ్ముడూ,

నువ్వు పంపింది అందింది. గింజలకి ఖర్చు పెట్టలేదు, భద్రంగా ఉంది.

కోపం పోయింది. నీ మీదా లేదు, ఇరాసీ మీదా లేదు. దానికి ఈ మాట తప్పకుండా చెప్పు. నువ్వు చూసింది రాశావు. నేనే నాకు కావాల్సింది చదువుకున్నాను. వచ్చే ఉత్తరాల్లో మళ్ళీ ఆ ఉప్పు మాట ఎత్తకు, నువ్వు ఎత్తితే నేను చదవను.

ఆవు పోయింది. ఫిలోమెనా పెద్దమ్మ రోజూ వచ్చి నాతో కూర్చుంటోంది. కిందటి వారం మీ బావ ఒక రోజు వచ్చి వెళ్ళాడు. చేతుల నిండా బొబ్బలు. తోమె దగ్గుతున్నాడట, రాళ్ళ దుమ్ము.

జీతా ఇప్పుడు ఏడవడం లేదు.

మీ దగ్గరికి రమ్మని రాశావు. ఇప్పుడు అసలు రాలేను. ఎందుకని అడక్కు, ఈ నేలని వదిలి రాలేను, అంతే.

అక్క


ఒబిదుస్ ఎదురు లంక,
సెప్టెంబరు 28, 1958.

అక్కా,

నీ మొండితనం నాకు కొత్త కాదు. పెళ్ళినాడు కూడా ఎండలో చర్చి దాకా నడిచే వస్తానని గాడిదనెక్కకుండా కూర్చున్నావు. అమ్మ నేల, అమ్మ నేల అంటావు. అమ్మే ఉంటే నిన్ను జుట్టు పట్టుకుని లారీ ఎక్కించేది.

నువ్వు రానంటే నేనే వస్తాను. మిగిలిన నార అమ్మాను. ఇరాసీతో మాట్లాడాను. "వెళ్ళు. ఇక్కడుండి నువ్వు తింటున్నదీ లేదు, పడుకుంటున్నదీ లేదు" అంది. దానికి తోడుగా వాళ్ళమ్మ వచ్చి ఉంటుంది. నవంబరు చివర పడవెక్కుతాను. నేనొచ్చేదాకా కదలొద్దు. ఇద్దరం కలిసి బావి తవ్వుదాం. నీళ్ళు పడేదాకా తవ్వుదాం.

జీతాకి బుల్లి పడవ చెక్కుతున్నాను. అది ఏంటో దానికి నేనే చెప్పాలి.

బెలార్మినో


ఫోర్తలేజా, వలసవాళ్ళ సత్రం,
నవంబరు 12, 1958.

తమ్ముడూ,

మేం వస్తున్నాం. ఓడ ఎల్లుండి. కదలనన్న మనిషి కదిలిందేమిటా అని నువ్వు ఆశ్చర్యపోతావు. మీ బావని కరువు పనుల్లోంచి మంచం మీద తీసుకొచ్చారు, జ్వరం. తోమె దగ్గితే ఇల్లంతా కదిలేది. వాడు ఒకనాడు నా కాళ్ళ దగ్గర కూర్చుని, "అమ్మా, నేను కూడా ఇక్కడే ఉండిపోవాలా?" అని అడిగాడు. ఆ మాటతో లేచాను. తోమెనైనా నీళ్ళున్నచోట పెంచాలి.

ముగ్గురం వస్తున్నాం. నీకు చెప్పాల్సింది ఉంది, అది ఉత్తరంలో రాసే మాట కాదు. ఎదురుగా కూర్చుని చెప్తాను. రేవుకి నువ్వే రా, ఇరాసీని కూడా తీసుకురా.

ఇక్కడ పెద్ద హాల్లో వందలమంది పడుకున్నాం. పక్క చాప మీద ఒకామె పొద్దస్తమానం పాట పాడుతూ ఒళ్ళో గుడ్డల మూటని జోకొడుతుంది. మూటలో ఏమీ లేదు. అందరూ చూసి పక్కకి తప్పుకుంటారు. నేనే వెళ్ళి కాసేపు ఆమె పక్కన కూర్చుంటాను.

సముద్రం చూశాను. అన్ని నీళ్ళు, తాగడానికి పనికిరావట. తోమె నమ్మలేదు, తాగి చూసి ఉమ్మేశాడు.

అక్క


లాగోవా సేకా,
జనవరి 24, 1959.

అక్కా,

ఈ ఉత్తరం నా ఇంటికే రాస్తున్నాను. నువ్వు అక్కడ ఉన్నావు, నేను ఇక్కడ ఉన్నాను. మన ఉత్తరాలు చేరకముందే ఇద్దరం బయల్దేరిపోయాం. బెలేం రేవులో ఇద్దరం ఒకే రోజున ఉన్నామేమో కూడా, జనంలో ఎవరికి తెలుసు.

వచ్చి తలుపు తట్టాను. నీ పేరు పెట్టి కేకలేశాను. ఫిలోమెనా పెద్దమ్మ వచ్చింది. నన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "వాళ్ళు నీ దగ్గరికే వచ్చారు నాయనా. నువ్వెందుకొచ్చావు?" అంది. "జీతా కూడానా?" అని అడిగాను. ఎందుకు అలా అడిగానో తెలియదు. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఇంటి వెనక్కి తీసుకెళ్ళింది.

అక్కా, జులైలో పోయిందట. ఆ గుంట నీళ్ళు పడక, కడుపు జాడ్యం పట్టి, వారం తిరక్కుండా. నువ్వు నాకు ఉత్తరం రాసేటప్పటికే మట్టిలో ఉంది. "ఇప్పుడు ఏడవడం లేదు" అని రాశావు. నేను దానికి పడవ చెక్కుతున్నానని రాశాను! పెద్దమ్మని అడిగాను, ఎందుకు దాచారని. "మీ అక్కే చెప్పొద్దంది. వాడికి తెలిస్తే ఉప్పు పెట్టిన చెయ్యి నరుక్కుంటాడు అంది" అని చెప్పింది. నువ్వు ఆ ఇంట్లో ఒక్కదానివే కూర్చుని నన్ను కాపాడావా అక్కా? నన్నెందుకు? నన్ను చెప్పుతో కొట్టినా నాకింత నొప్పి ఉండేది కాదు.

ఇప్పుడు మిగతాది విను. నేను వచ్చిన నాలుగో రోజున వాన వచ్చింది. మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. ఊరు ఊరంతా బయటికొచ్చి తడుస్తూ నవ్వుతూ ఏడుస్తూ నిలబడ్డారు. ఫిలోమెనా పెద్దమ్మ మొగుడు చొక్కా విప్పేసి గంతులేశాడు. నేను మాత్రం ఇంటి వెనక్కి పరిగెత్తాను. దాని మీది మట్టి మెత్తది, కొట్టుకుపోతుందని భయమేసింది. వానకి తడవకుండా ఇరాసీ దారికని రబ్బరు పాలు పూసి ఇచ్చిన దుప్పటి నా భుజం మీద ఉంది. అది తీసి జీతా మీద పరిచి చుట్టూ రాళ్ళు పెట్టాను. వాన తగ్గేదాకా అక్కడే కూర్చున్నాను. లోపలికి ఒక్క చుక్క పోలేదు. రోజూ వెళ్ళి చూస్తున్నాను, పొడిగా ఉంది. నీ బిడ్డకి నేను చేయగలిగింది ఇదొక్కటే అక్కా.

ఫాదర్ కొన్ని గింజలు ఇస్తానన్నారు. వేయనా, మానేయనా? నన్ను వెనక్కి రమ్మంటే వస్తాను. నువ్వేం చెప్తే అది చేస్తాను.

బెలార్మినో


ఒబిదుస్ ఎదురు లంక,
మార్చి 8, 1959.

నా తమ్ముడూ,

నీ ఉత్తరం ఇరాసీ, నేను కలిసి చదివాం. అది నా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నీ పెళ్ళాం మంచిది. రేవులో నన్ను చూడగానే ఎవరూ చెప్పకుండానే నా ఒళ్ళు ఖాళీగా ఉందని కనిపెట్టింది. ఆ రాత్రి నాకు చేప పులుసు తినిపించింది, ముద్దలు పెట్టి.

మీ బావ లేచి తిరుగుతున్నాడు. తోమె దగ్గు తగ్గింది, చేపలు పట్టడం నేర్చుకున్నాడు, చేపలా వాసనేస్తున్నాడు. ఇక్కడ వాన ఆగితే ఒట్టు. పొద్దున వాన, సాయంత్రం వాన. కిటికీ దగ్గర కూర్చుని చూస్తూ ఉంటాను. ఎవరైనా పిలిస్తే ఉలిక్కిపడతాను. చూసి చూసి ఒక్కోసారి కోపమొస్తుంది, ఒక్కోసారి చేతులు బయటికి చాపి పట్టుకుంటాను.

గింజలు వెయ్యి. చిక్కుడు గుమ్మం వైపు, మొక్కజొన్న గట్టు కింద. నది దిగగానే మేం వచ్చేస్తాం. జీతా అక్కడ ఒక్కతే ఉంటే నేనిక్కడ ఉండలేను. చెయ్యి నరుక్కోకు, ఆ చేత్తోనే కలుపు తియ్యి.

ఒక్క మాట. ఈ ఉత్తరం అందగానే వెళ్ళి ఆ దుప్పటి తీసెయ్యి. మట్టి కొట్టుకుపోతే మళ్ళీ వేద్దువుగాని. జీతా పుట్టింది వానలు వెళ్ళిపోయాక. పోయింది వానలు రాకముందే. ఆకాశంలోంచి నీళ్ళు పడతాయని దానికి తెలియనే తెలియదు.

దాన్ని తడవనీ.

అక్క